గడ్డి కోతకు పూతే ముహూర్తం

శ్రీరామనవమికి పది రోజుల ముందు భద్రాచలం వెళ్లే దారుల పక్కన గడ్డి మిషన్ల మోత మొదలవుతుంది. నిరుడు నవమి ముందు బూర్గంపాడు దగ్గర బస్సు కోసం నిలబడి ఆ పని దగ్గరగా చూశాను. భుజాన బెల్టు, ముఖానికి తువ్వాలు కట్టుకున్న కుర్రాడు మిషన్ తిప్పుతుంటే కొసన ఉన్న తీగ తగిలిన చోటల్లా ఎండు కాడలు టపటపా విరిగిపడుతున్నాయి. వాటిలో ముప్పావు వంతు వయ్యారిభామ కాడలే. ఎప్పుడో పూసి, కాసి, నిలువునా ఎండిపోయినవి. తీగ తగిలినప్పుడల్లా బూడిదరంగు పొడి లేచి రోడ్డు మీదికొస్తోంది. నా పక్కనున్న ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ పొడిలో ఉన్నవి గింజలు. సాయంత్రానికి దారి శుభ్రంగా కనిపించి ఉంటుంది. కానీ మృగశిర వానలు పడగానే అక్కడ ఏం మొలుస్తుందో నాకు తెలుసు. మనం డబ్బులిచ్చి, పెట్రోలు పోసి, వయ్యారిభామ విత్తనం చల్లించుకున్నాం.

ముప్పై ఏళ్లకు పైగా భద్రాచలం ఏజెన్సీలో, ఆ తర్వాత ఖమ్మం చుట్టుపక్కల పంచాయతీల్లో ఉద్యోగం చేశాను. మా భాషలో ఈ పనిని 'జంగిల్ కటింగ్' అంటారు. కలెక్టర్ గారు వస్తున్నారంటే జంగిల్ కటింగ్. మంత్రి గారి పర్యటన అంటే జంగిల్ కటింగ్. ఆగస్టు 15, జనవరి 26, నవమి, ముక్కోటి, జాతర. ఎన్ని తీర్మానాలు రాశానో, ఎన్ని బిల్లులు పెట్టానో లెక్కలేదు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా 'ఇది ఏ గడ్డి, ఇప్పుడు ఏ దశలో ఉంది' అని ఏ రిజిస్టర్లోనూ రాయలేదు. రాయమని ఎవరూ అడగలేదు. ఎన్ని మీటర్లు కోశారు, ఎంతమంది కూలీలు, ఫొటో ఉందా లేదా అన్నదే లెక్క. ఆ లెక్క తప్పని ఉద్యోగం దిగాక గట్టిగా అనిపిస్తోంది. గడ్డి కోతకు ముహూర్తం పెట్టాల్సింది పండగ తేదీని బట్టి కాదు. మొక్క పూతను బట్టి.

వయ్యారిభామ సంగతే తీసుకుందాం. కాంగ్రెస్ గడ్డి అన్నా, క్యారెట్ గడ్డి అన్నా ఇదే. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1955లో పుణెలో గుర్తించారు. ఆ తర్వాత రైలు కట్టలు, రోడ్డు అంచులు, బీడు భూములు పట్టుకుని దేశమంతా పాకింది. బాగా ఎదిగిన ఒక్క మొక్క పది వేలకు పైగా గింజలు రాలుస్తుంది. ఆ గింజలు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. దీని పుప్పొడి తగిలితే కొందరికి తుమ్ములు, ఆయాసం. ఆకు తగిలితే దురద, చర్మం నల్లబడి పగలడం. పశువు తింటే పాలు చేదెక్కుతాయి. ఇవన్నీ తెలిసిన సంగతులే. మనం పట్టించుకోనిది దీని కాలం. తొలకరి పడగానే మొలుస్తుంది. నెల తిరిగేసరికి తెల్లటి పూత వేస్తుంది. అంటే మృగశిర కార్తెలో మొలిచింది పునర్వసు దాటకముందే పీకేయాలి. రెండో మొలకను మఖ కార్తెలో పీకాలి. ఈ రెండు అదనులూ దాటితే ఎంత కోసినా ఫలితం సున్నా. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ దేశమంతటా ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామపై అవగాహన వారం జరుపుతుంది. మన దగ్గర అప్పటికే తొలి మొలక పూతకొచ్చి ఉంటుంది. కాబట్టి ఆ వారాన్ని రెండో పీకుడుకు వాడుకుని, మొదటిది మనమే జులైలో పెట్టుకోవాలి.

కోయడం అని కాకుండా పీకడం అని ఎందుకంటున్నానంటే, వయ్యారిభామను పైపైన కోస్తే మొదలు దగ్గర నాలుగు పిలకలు వేసి మళ్లీ పూస్తుంది. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగితేనే పని అవుతుంది. పూత రాకముందు పీకితే కంపోస్టు గుంతలో వేసుకోవచ్చు. ఖాళీ అయిన జాగాలో తంటెం గింజలు చల్లితే అది గుబురుగా ఎదిగి వయ్యారిభామను లేవనీయదు. 1984లో బెంగళూరులో మెక్సికో నుంచి తెచ్చిన పెంకు పురుగును వదిలారు. ఆ పురుగు వానాకాలంలో ఈ మొక్క ఆకులు తిని బతుకుతుంది. ఇన్ని దారులున్నాయి. వీటికి కావాల్సింది కోట్ల రూపాయలు కాదు, అదను.

ఇక గడ్డిమందు. ఈ విషయంలో నా తప్పు నేను చెప్పుకోవాలి. ఏజెన్సీలోని ఒక పంచాయతీలో ఉన్నప్పుడు ఆగస్టు 15 దగ్గర పడింది. బడి ఆవరణలో మోకాళ్లెత్తు గడ్డి. మనుషులు చాలడం లేదు. మందు కొడితే రెండు రోజుల పని రెండు గంటల్లో అయిపోతుందని ఎవరో చెప్పారు. ఆ బిల్లు మీద సంతకం నాదే. మా కార్మికుడు బకెట్లో మందు పోసి, పుల్లతో కలిపి, చెప్పులు కూడా లేకుండా కొట్టాడు. మర్నాడు మేకలు కాసుకునే పెద్దాయన గేటు దగ్గరికొచ్చి, "సారూ, బళ్లెకు మేకల్ని తోలొచ్చా?" అని అడిగాడు. ఎప్పుడూ తోలుకునేవాడే. వద్దని చెప్పాను, ఎందుకో చెప్పలేకపోయాను. జెండా పండగ నాటికి గడ్డి పసుపుబారి వాడిపోయింది. భాద్రపదం వానలకు బోసి నేల మీది మన్ను కోసుకుపోయి కాలవలో పడింది. మరుసటేడు తొలకరికి ఆ ఆవరణంతా మొలిచింది వయ్యారిభామే. చచ్చిపోయింది గరిక. మన్ను పట్టుకుని ఉన్న గరికను చంపి, బోసి నేల కోసం కాచుకున్న మొక్కకు చోటిచ్చాను. అక్కడ గరిక మళ్లీ అల్లుకోవడానికి మూడేళ్లు పట్టింది.

గ్లైఫోసేట్ అనే గడ్డిమందును 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. దానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో బడి ఆవరణల్లో గడ్డిమందు కొట్టే ఉద్యోగి డ్వేన్ జాన్సన్ తన క్యాన్సర్‌కు ఆ మందే కారణమని కోర్టుకెక్కాడు. 2018 ఆగస్టులో జ్యూరీ అతని పక్షాన తీర్పిచ్చింది. పరిహారం మొత్తాన్ని కోర్టులు ఆ తర్వాత బాగా తగ్గించినా తీర్పు మాత్రం నిలిచింది. అతను చేసిన పనే మన పంచాయతీ కార్మికుడూ చేస్తున్నాడు. జాన్సన్‌కు కనీసం రక్షణ దుస్తులైనా ఉండేవి. మన దేశంలో 2022లో కేంద్రం గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ ఉత్తర్వులిచ్చింది. పంచాయతీలోని మల్టీపర్పస్ వర్కర్ చేతికి పంపు ఇచ్చి కొట్టించడం ఆ ఉత్తర్వు స్ఫూర్తికే విరుద్ధం. పారాక్వాట్ అనే ఇంకో గడ్డిమందు సంగతి మరీ భయం. అది కడుపులోకి పోతే విరుగుడు లేదు. మన జిల్లాల్లో ఆ డబ్బా ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లకు తెలుసు. అలాంటి డబ్బా పంచాయతీ ఆఫీసు మూలన, చీపుర్ల పక్కన ఉండకూడదు.

గడ్డి గురించి నాకు పాఠం చెప్పింది ఏ అధికారీ కాదు. మా పంచాయతీలో పారిశుద్ధ్య పని చేసిన ఒక పెద్దావిడ. వానాకాలంలో ఊరి బయట దారి అంచు చెక్కిస్తున్నాం. దోకుడు పారతో ఆమె ముందుకు పోతోంది. రెండు అడుగులు చెక్కుతుంది, ఒక అడుగు వదిలేస్తుంది. చెక్కిన చోట వయ్యారిభామను వేళ్లతో సహా లాగి కుప్ప వేస్తోంది. చేతికి పాలిథిన్ కవరు చుట్టుకుంది. వదిలేసిన చోట సన్నటి కాడలు, లేత ఆకులు. "ఇది ఎందుకు వదిలావమ్మా, మళ్లీ నన్నే అడుగుతారు" అన్నాను. ఆమె పార నేలకానించి, "అది గునుగు సారూ. నెల ఆగితే బతుకమ్మ. ఇప్పుడు చెక్కిస్తే అప్పుడు ఖమ్మం బజార్ల కొనుక్కోవాల్నా?" అంది. ఆమె చేతి వేళ్ల సందుల్లో చర్మం నల్లబడి పగిలి ఉంది. ఎన్నేళ్లుగా ఉందో. గ్లౌజులకు మేము ఒక్క తీర్మానమూ రాయలేదు.

ఆ మాట విన్న తర్వాత ఏటా గమనిస్తూ వచ్చాను. దసరా ముందు, 'పండగకు ఊరు శుభ్రం' పేరుతో చేసే జంగిల్ కటింగ్‌లో మొదట పడేది గునుగే. తరవాత తంగేడు. తంగేడు మన రాష్ట్ర పుష్పం. బతుకమ్మ 2014 నుంచి మన రాష్ట్ర పండగ. పేర్చే పూలేమో దారి అంచున, చెరువు గట్టున, బీడులో ఎవరూ వేయకుండా మొలిచేవి. పండగ ఏర్పాట్లకు లైట్లు, మైకులు, ఘాట్లు అన్నీ సమకూరుస్తాం. పూలను మాత్రం పండగకు పది రోజుల ముందు మిషన్ పెట్టి కోసేస్తాం. ఆడపిల్లలు గంప పట్టుకుని పొలాల వెంట పోయి తెచ్చుకునే పూలు ఇప్పుడు కట్టకింత అని కొనాల్సి వస్తోంది. ఆ పెద్దావిడ చేసిన పనిలోనే విధానమంతా ఉంది. ఒకే దారి అంచున ఒక మొక్కను పూత రాకముందే తీసేయాలి, ఇంకో మొక్కను పూత అయ్యేదాకా ఉంచాలి. మిషన్‌కు ఆ తేడా తెలియదు. మనిషికి తెలుసు. ఆ మనిషిని అడగాలి.

బ్రిటన్‌లో ప్లాంట్‌లైఫ్ అనే సంస్థ 2019 నుంచి మే నెలలో గడ్డి కోయొద్దని ప్రచారం నడుపుతోంది. అక్కడ వసంతంలో పూసే అడవి పూలు, వాటి మీద వాలే తేనెటీగలు బతకాలని వాళ్ల తాపత్రయం. మనకు మే నెలలో దారి అంచున అలా పూసేది పెద్దగా ఉండదు, కోయడానికి గడ్డీ అంతగా ఉండదు. మన మే నెల భాద్రపదంలో వస్తుంది. ఎంగిలిపూల బతుకమ్మకు నెల ముందు నుంచి సద్దుల బతుకమ్మ దాకా గునుగు, తంగేడు ఉన్న అంచులను ముట్టుకోకుండా ఉంటే చాలు.

ఖమ్మంలో నేను రోజూ లకారం చెరువు కట్ట మీద నడుస్తాను. వినాయక చవితి పొద్దున ఆ చుట్టుపక్కల గరిక కోసుకునేవాళ్లు కనిపిస్తారు. ఇరవై ఒక్క పత్రుల్లో గరిక లేకుండా పూజ లేదు. ఆ గరిక మీద వారం కిందట మందు కొట్టారో లేదో కోసుకునేవాళ్లకు ఎలా తెలుస్తుంది? పట్టణాల్లో ఇంకో అలవాటు కూడా వచ్చింది. ఉన్న గరికను చెక్కేసి, చదరపు అడుగు లెక్కన లాన్ కొనుక్కొచ్చి పరుస్తున్నారు. రోహిణి కార్తె ఎండల్లో మన ఊళ్ల సంగతి తెలిసిందే. రోజూ ట్యాంకర్ నీళ్లు పోస్తే తప్ప ఆ లాన్ బతకదు. ఒక్క వేసవి నిర్లక్ష్యం చేస్తే నేల మాడి బోసిపోతుంది, మళ్లీ వయ్యారిభామకు జాగా. గరిక ఎండల్లో మాడినట్టే కనిపించి ఒక్క వానకు లేస్తుంది. నడిచేవాళ్లు తొక్కినా, పిల్లలు ఆడినా తట్టుకుంటుంది. పార్కుల్లో గరికను నెలకోసారి సమంగా కత్తిరిస్తే అదే లాన్.

భద్రాచలం కరకట్ట చూసినవాళ్లకు గడ్డి విలువ విడిగా చెప్పనక్కర్లేదు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. అంత వరద వచ్చిన చోట మట్టి కట్టను పట్టి ఉంచేది రాయి, దాని తర్వాత గడ్డి వేరు. కట్ట వాలు మీద గరిక పొట్టిగా, దట్టంగా ఉండాలి. తుమ్మలు, పొదలు ఉండకూడదు, వాటి వేళ్లు మట్టిలో దారులు చేస్తాయి. పైగా పొదల కింద ఎలుక బొరియ ఉన్నా, నీటి ఊట ఉన్నా కంటికి కనబడదు. అంటే కట్ట మీద పొద కొట్టాలి, గడ్డి కత్తిరించాలి, మందు మాత్రం కొట్టకూడదు. వరద తీశాక ఒండ్రుతో పాటు ఎక్కడెక్కడి విత్తనాలో వచ్చి పడతాయి కాబట్టి ఆ ఏడు రెండింతల జాగ్రత్త కావాలి.

గడ్డి కోయకపోతే పాములు, దోమలు అంటారని నాకు తెలుసు. పాముల భయం నిజమైన భయం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది పల్లెటూళ్లవాళ్లే. అడవి అంచు గూడేల్లో రక్తపింజర, కట్లపాము కాటేస్తే ఆస్పత్రికి చేరడమే ఒక ప్రయాణం. అందుకే బడి, అంగన్‌వాడీ, బోరింగు, ఇళ్ల మధ్య నడక దారి, బస్ స్టాప్ చుట్టూ గడ్డి ఏడాది పొడుగునా చీలమండ దాటకూడదు. ఇందులో రాజీ లేదు. ఈ పనికి పండగ దాకా ఆగడం నేరం. కానీ పామును పిలిచేది గడ్డి ఒక్కటే కాదు, చెత్తకుప్ప దగ్గరి ఎలుకలు కూడా. ఇక డెంగీ దోమ పుట్టేది గడ్డిలో కాదు. పాత టైరులో, తొట్టిలో, కూలర్లో నిలవ ఉన్న మంచినీళ్లలో. జ్వరాలు వచ్చిన ఏడు గడ్డి కోసి ఫొటో దిగితే దోమలు తగ్గవు, తొట్లు బోర్లిస్తేనే తగ్గుతాయి.

అడవి దారుల లెక్క వేరు. మొండికుంట అడవిలో, కిన్నెరసాని వైపు, దుమ్ముగూడెం నుంచి చర్ల పోయే దారిలో వానాకాలం గడ్డి సంక్రాంతి నాటికి ఎండిపోతుంది. మాఘం నుంచి అది పెట్రోలుతో సమానం. ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు. ఆ దారుల్లో మాఘమాసం రాకముందే అంచు కోసి, కోసినదాన్ని అక్కడే కుప్ప పెట్టకుండా ట్రాక్టర్ మీద ఎత్తుకుపోవాలి. చాలాచోట్ల కోసిన కుప్పకు అక్కడే నిప్పు పెడుతున్నారు. అడవి శాఖ ఒకవైపు ఫైర్ లైన్లు తీస్తుంటే ఇంకోవైపు మనమే అగ్గి రాజేస్తున్నాం. పూత కాలంలో పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే ఆ గడ్డి పశువులకు మేత అయ్యేది. ఎండాక కోస్తే మంటకే పనికొస్తోంది.

చట్టంలో చోటు లేదని అనలేం. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం రెండూ పది శాతం నిధులు పచ్చదనానికి పక్కన పెట్టమన్నాయి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని పంచాయతీ చట్టం సర్పంచుకూ కార్యదర్శికీ బాధ్యత పెట్టింది. మొక్కకు లెక్క ఉంది, నేలను కప్పి ఉంచే గడ్డికి లెక్క లేదు. పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చాయి. కొరత ఎక్కడంటే ఎవరి అంచు ఎవరిదన్న దగ్గర. భద్రాచలంలోనే చూడండి. షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి లక్షల మంది భక్తులు వచ్చే ఆ ఊరు ఇప్పటికీ పంచాయతీయే. జాతీయ రహదారి ఒక శాఖది, ఆర్ అండ్ బీ రోడ్డు ఇంకొకరిది, కరకట్ట నీటిపారుదల వాళ్లది, ఊరి వీధి పంచాయతీది. ఊరు దాటి ఎటపాక చేరితే 2014 నుంచి అది ఆంధ్రప్రదేశ్. ఒకరు పీకిన ఏడాదే పక్కవాళ్లు వదిలేస్తే లారీ టైరు పట్టుకుని గింజ ఇటు వచ్చేస్తుంది. జులైలో పునర్వసు రాగానే ఈ శాఖలన్నీ, అటువైపు పంచాయతీలూ కలిసి ఒకే వారం పీకాలి. విడివిడిగా చేస్తే ఆ డబ్బు దండగ.

2025 డిసెంబర్ ఎన్నికల్లో గెలిచి కొత్తగా కుర్చీల్లో కూర్చున్న సర్పంచులకు, వార్డు సభ్యులకు, దాదాపు రెండేళ్ల ఖాళీ తర్వాత వాళ్లతో కలిసి పనిచేస్తున్న కార్యదర్శి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే గ్రామసభలో గడ్డి మీద ఒక తీర్మానం పెట్టండి. ఊరి జాగాలను మూడు రకాలుగా విడదీసి పంచాయతీ గోడ మీద రాయించండి. బడి, బోరింగు, నడక దారి: ఎప్పుడూ పొట్టిగా. వయ్యారిభామ ఉన్న అంచులు: పునర్వసులో ఒకసారి, మఖలో ఒకసారి వేళ్లతో పీకుడు. గునుగు, తంగేడు ఉన్న అంచులు: సద్దుల బతుకమ్మ మర్నాటి దాకా ముట్టుకోవద్దు. అడవి దారి ఉంటే మాఘం ముందు ఇంకో కోత. గడ్డిమందు కొనబోమని అదే తీర్మానంలో రాయండి. పని చేసేవాళ్లకు మోచేతుల దాకా గ్లౌజులు, మోకాళ్ల దాకా బూట్లు, ముక్కుకు మాస్కు పచ్చదనం నిధుల్లోంచే కొనండి. ఏ మొక్క ఉంచాలో, ఏది తీయాలో నిర్ణయించే ముందు పార పట్టుకునే ఆడవాళ్లను కూర్చోబెట్టి అడగండి.

నేను ఉద్యోగంలో ఉండగా చేయాల్సిన పని ఇది. మీకు ఇంకా అదను ఉంది. ఈ మృగశిరకు మొలిచే మొక్కను పూత రాకముందే పట్టుకోండి.